సుట్టానికో ఇస్తారి

పిలిస్తే రాదు, పిలవకుంటే అసలే రాదు, ఇగ ఏ నోటితోని పిలవాలె దీన్ని అనుకుంటూనే రుక్కమ్మ మళ్ళీ ఒకసారి నాలుకను పళ్ళకు ఆనించి చిన్నగా చప్పుడు చేసింది, కాలిపోయిన కొట్టంలో మిగిలిన ఒకే ఒక్క దూలం మీద అది చెవులు వెనక్కి వేసుకొని కూర్చుంది, మసిలో మసిలాగా, కళ్ళు తెరిచినప్పుడు మాత్రమే పిల్లి అని తెలిసేలాగా, పొద్దు ఇంకా ఇంటి కప్పు దాటి రాలేదు, వాకిట్లో అలికిన పేడ తడి ఆరలేదు, ఇయ్యాల పెత్రమాస, పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య, లోపల పొయ్యి మీద పప్పు ఉడుకుతున్నది, అత్త జంగమ్మ రెండుసార్లు కేకేసింది, ఓ రుక్కీ, పప్పు అడుగంటుతది సూడు, పిల్లితోని ఏం ముచ్చట్లే పొద్దుగాల్నే అని, అయినా రుక్కమ్మ కాలు కదలలేదు, ఎందుకంటే రేపు పొద్దున బండి వస్తుంది, మూటాముల్లె అందులో వేసుకొని ముందు సూర్యాపేట, అక్కడినుంచి మిర్యాలగూడెం, తమ్ముడి ఊరు, వడ్ల వ్యాపారంలో బావకు కూడా ఇంత పని చూపిస్తానన్నాడు తమ్ముడు, ఎద్దులు పోయి, కొట్టం కాలి, చెలక బీడు పడ్డ మనిషికి అంతకంటే ఏం కావాలి, ఇగ ఈ వాకిలికి తాళమే, కనుక అది రావలసింది ఇయ్యాలే, ఇయ్యాల రాకపోతే దాన్ని రెండోసారి విడిచిపెట్టి పోయినట్టే, ఒకసారి విడిచిన బరువే ఏడాదినుంచి దిగడం లేదు, ఎక్కడ దించాలో తెలియడం లేదు, గడపలో మూటలకు తాడు బిగిస్తున్న పెనిమిటి వీరయ్య తల ఎత్తకుండానే అన్నాడు, రాదే అది, మనుషులను మర్చిపోయింది, అడివి పిల్లయింది, నా మాటిను, అన్నం పెట్టు, మూతి పెట్టంగనే మీదికెల్లి గంప మూసెయ్, రేపు గంపతోనే బండెక్కిద్దాం, ఆ మాట అన్నాక తాడు బిగించే చేతులు ఒక్క నిమిషం ఆగిపోయాయి, గంప అన్నానే అని ఆయనకూ తెలిసినట్టుంది, లేచిపోయి ఒక గంప తెచ్చి ఆమె పక్కన పెట్టి పోయాడు, కొత్త గంప, ఇంకా పచ్చి ఈత వాసన వస్తున్నది, ఇది ఆ గంప కాదు, అయినా గంప గంపే గదా.

సుట్టం అని దానికి పేరు పెట్టింది మామ, ఒకనాడు అన్నం తింటుంటే ఎక్కడినుంచి వచ్చిందో, బూడిద రంగు ఒళ్ళు, ముందు కాలొకటి తెల్లగా సున్నంలో ముంచి తీసినట్టు, తిన్నగా గడప దాటి వచ్చి ఆయన పీట పక్కన తోక చుట్టుకొని కూర్చుంది, ఆయన ముద్ద నోటి దగ్గర ఆపి, ఎవరే కోడలా ఈ సుట్టం, పిలవకుంటనే అచ్చి కూసున్నది, ఇస్తారెయ్యిరి దీనిగ్గూడ అన్నాడు, ఇంట్లో అందరూ నవ్వారు, రుక్కమ్మ బిడ్డ నీల అందరికంటే ఎక్కువ నవ్వింది, ఆ నవ్వులో ముందు పన్ను ఊడిన సందు కనిపించింది, ఆనాటినుంచి అది సుట్టమే, నీల దాన్ని పిలిచే తీరే వేరు, పొద్దుగూకే వేళ గడప ముందు చెంబుతో నీళ్ళు కొద్దిగా చల్లి, సుట్టమా రా రా, కాళ్ళు కడుక్కో, లోపటికి రా, అందరూ బాగున్నరా మీ ఇంట్ల అని అడిగేది, పిల్లి ఆ తడి మీద కాలు పెట్టకుండా పక్కనుంచి ఎగిరి దుమికి వచ్చేది, సూడే అమ్మా, సుట్టం సదువుకున్నదే, కాళ్ళు ముందే కడుక్కొని అచ్చింది అనేది నీల, పాల కుండ దగ్గర మీగడ తీసేటప్పుడు ఇద్దరూ చెరో పక్క, పిల్లీ పిల్లా, వేలు ముంచి ఒకసారి తన నోట్లో, ఒకసారి దాని నోట్లో, ఛీ ఎంగిలి అంటే, సుట్టాలకు ఎంగిలుంటదా అని ఎదురు ప్రశ్న, తొమ్మిదేళ్ళు నిండలేదు, ఆ నోరు మాత్రం నలభై ఏళ్ళ నోరు, ఆ పిలుపు రుక్కమ్మకు రాదు, వారం రోజులనుంచి ప్రయత్నం చేస్తున్నది, నోట్లో మాటలన్నీ ఉన్నాయి, గొంతు మాత్రం లేదు, సుట్టమా రా రా అనబోతే చివరి రా దగ్గర ఏదో అడ్డం పడుతుంది, పిల్లికి ఆ అడ్డం వినబడుతుందేమో.

నిరుడు ఇదే పెత్రమాస, మామ పోయినాక వచ్చిన మొదటి పెత్రమాస, అత్త ముందురోజునుంచే కంగారు, మడి, తడి, ఏది ఎక్కడ తప్పిపోతుందో అని, తెల్లారంగనే అంది, ఆ పిల్లిని గంప కింద మూసెయ్యే, వండిన కాడికి రాకుంట, పిల్లి మూతి పెడితే పెద్దలు ముట్టరు, అది అత్త కొత్తగా అన్న మాట కాదు, ఆమె అత్త ఆమెకు చెప్పింది, రుక్కమ్మ తల్లీ అట్లాగే చేసేది, ఊరంతా అట్లాగే చేసేది, పితృకార్యం అంటే ఇంట్లో పిల్లి గంప కిందే, కాని నీల అడ్డం నిలబడింది, సుట్టాన్ని గంప కింద పెడ్తరా ఎవరన్న, తాతనే గదా దానికి పేరు పెట్టింది, తాత తినేటప్పుడు అది పక్కకు ఉండకుంటే తాతకు బువ్వ ఎట్ల సయిస్తది, అంది, రుక్కమ్మ, ఊకో బిడ్డా, గడియసేపే, బాపనయ్యకు సైదం ఇయ్యంగనే నేనే తీస్త అని చెప్పి, దాన్ని తన చేతులతోనే ఎత్తి, అది నమ్మకంగా మెడ కింద మూతి దూర్చి గురగురమంటుంటే, వంటింటి మూల నేల మీద కూర్చోబెట్టి, గంప బోర్లించి, గంప మీద సన్నెకల్లు పొత్రం పెట్టింది, కదలకుండా, నీల ఆ గంప పక్కనే కూర్చొని అల్లిక సందులోంచి వేలు పెట్టి, గడియసేపే అంట సుట్టమా, అమ్మ తీస్తదట అని చెప్తున్నది, పెద్దల పేరుమీద దానమిచ్చే సైదం చాటలో బియ్యం, పప్పు, చింతపండు, ఉప్పు సర్దింది, బాపనయ్య ఇంకా రాలేదు, వచ్చింది అరుపు, రోడ్డు వైపునుంచి, లారీ ఒస్తున్నది, తుపాకులున్నయి, ఉరుకుండ్రి, ఆ గడబిడ రోజుల్లో ఆ అరుపు రెండోసారి వినేదాకా ఎవరూ ఆగేవాళ్ళు కాదు, పక్క ఊళ్ళలో ఏం జరిగిందో అందరికీ తెలుసు, వీరయ్య బండి కట్టాడు, నీలను ముందు ఎక్కించి మీద గడ్డి కప్పారు, అత్తను ఎత్తి కూర్చోబెట్టారు, చేతికి దొరికింది మూట, దొరకనిది ఇల్లు, పొయ్యి మీద గారెల నూనె కాగుతూనే ఉంది, ఇస్తార్లు పరిచినవి పరిచినట్టే ఉన్నాయి, మామకు ఒక్క మెతుకు ముట్టలేదు, అందరూ వెళ్ళిపోయారు, వంటింటి మూల గంప మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే.

గంప గుర్తొచ్చింది మునగాల దగ్గరికి వచ్చినాక, ఎద్దులు నురుగులు కక్కుతున్నాయి, గడ్డిలోంచి నీల తల బయటికి తీసి ఊపిరి పీల్చుకుంటున్నది, రుక్కమ్మకు చేతిలో ఏదో బరువు తగిలినట్టు పొత్రం గుర్తొచ్చింది, అయ్యో అంది, ఏందే అన్నాడు వీరయ్య, పిల్లి, గంప కింద పిల్లి, ఆయన ఎద్దులను ఆపలేదు, పిల్లి కోసం పిల్లను సంపుకుంటవా అన్నాడు, ఆ మాటలో తప్పు లేదు, ఎవరన్నా అదే అంటారు, అయినా తప్పు లేని మాట కూడా ముల్లులా దిగబడి ఉండిపోతుందని ఆమె అప్పటిదాకా ఎరగదు, ఆ రాత్రి కోదాడలో వీరయ్య మేనత్త ఇంట్లో తలదాచుకున్నారు, ఆమె అన్నం పెడుతూ, ఎందుకమ్మా అట్టా కుమిలిపోతావ్, పిల్లికేమిటి, ఏడనైనా బతుకుద్ది, తొమ్మిది పాణాలంటారు గదా దానికి అంది, పిల్లికి ఎన్ని పాణాలున్నా గంప మీద పొత్రం ఒకటి ఉంది గదా అనుకుంది రుక్కమ్మ, మర్నాడు సంస్థానం సరిహద్దు దాటి పాలేరు వాగు అవతల తాటాకు పాకలు, పక్కన పాక, దాని పక్కన పాక, అందరివీ ఒకే కథ, అక్కడే చలికాలంలో నీలకు జరం, ముందు మామూలు జరం, తర్వాత దిగని జరం, మట్టపల్లి నరసింహస్వామికి ముడుపు కట్టింది, స్వామీ నా బిడ్డ లేచి నడిస్తే నీ గుట్టకు నడిపించుకొస్త అని, ఆ ముడుపు ఇంకా పసుపు గుడ్డలో అట్లాగే ఉంది, విప్పాలో, ఇయ్యాలో, ఎవరినడగాలో తెలియలేదు, జరం తలకెక్కినప్పుడల్లా నీల ఒకటే అడిగేది, అమ్మా, గంప తీసినవా, నెమ్మదిగా, గొంతు పొడిబారిపోయి, గంప తీసినవా అమ్మా, మొదటిసారి రుక్కమ్మ తల తిప్పుకొంది, రెండోసారి, తీసిన బిడ్డా, బండెక్కే ముందట ఉరికిపోయి తీసిన అంది, తీసిన, తీసిన, అడిగినప్పుడల్లా తీసిన, ఉపవాసం నాడు నీళ్ళు కూడా ముట్టని మనిషి, దేవుని దీపం ముందు మాట జారని మనిషి, ఆ అబద్ధం ఎంత తేలికగా వచ్చిందో, ఆ బిడ్డ నోట్లో ఆఖరి తులసి నీళ్ళు పోసిన చేతికి, ఆ గంప మూసిన చేతికి తేడా ఏముంది, ఒకే చెయ్యి.

మిలట్రీ వచ్చింది, గడబిడ ఖతమయిందన్నారు, పాకలు ఒక్కొక్కటీ ఖాళీ అయ్యాయి, వెళ్ళినప్పుడు బండి నిండా మనుషులు, వచ్చినప్పుడు బండిలో ఒకరి జాగా ఖాళీ, ఊళ్ళోకి రాంగానే ఇల్లు చూడలేదు, కాలిన కొట్టం చూడలేదు, తిన్నగా వంటింటి మూలకు పోయింది, గంప లేదు, పొత్రం గోడవారగా ఉంది, వంగి పొయ్యి వెనక చూసింది, వెనకనుంచి పక్కింటి సుక్కమ్మ గొంతు, ఏం ఎతుకుతున్నవే రుక్కమ్మా, నీ పిల్లినా, అది నాకు ఇచ్చిన బహుమానం సూడు అని గదువ ఎత్తి చూపించింది, చెంపనుంచి గడ్డం దాకా గీరిన మచ్చ, సుక్కమ్మ ఊరు విడిచి పోనిది, నేనేడికి పోత, నన్ను సంపనీకి తూటా దండుగ అని కూర్చున్న ముసలమ్మ, ఆమె చెప్పింది, రెండు మూడొద్దులు ఏందో ఏడుపు ఇనబడ్డదే, పసిపిల్ల ఏడ్చినట్టు, ఎవరి బిడ్డను ఇడిసిపోయిన్రో అని గజగజ అణికిన, నాలుగిండ్లు ఎతికిన, ఆఖర్కి మీ అంటింట్ల గంప, నేను దయదల్చి ఎత్తితే అది నా మొకం మీదికెల్లే దుంకి పోయె, నీ పిల్లికి మర్యాద నేర్పలేదే నువ్వు, సుట్టమని పేరు పెట్టుకున్నరు గాని, అని నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ రుక్కమ్మ ముఖం చూసి, చుట్టూ చూసి, పిల్లేదే, మా నీల ఏదే అని అడిగింది, వీరయ్య ముఖం అటు తిప్పుకొన్నాడు, ముసలమ్మ నేల మీద చతికిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, పిల్లిని ఎత్తిన గాని, పిల్లిని ఎత్తిన గాని అని అదే మాట అంటూ ఉండిపోయింది, పిల్లి బతికింది, అది తెలిసినప్పుడు సంతోషం రావాలి గదా, వచ్చింది, కాని దానితో పాటు ఇంకొకటి కూడా వచ్చింది, అంటే నా అబద్ధం సగం నిజమే అయింది, ఇగ అది ఇంటికొస్తే, గడప దాటి లోపటికొస్తే, నీలకు చెప్పినదంతా నిజమైతది, ఏ లోకంలో ఉన్నా బిడ్డ వింటది, అమ్మ అబద్ధం చెప్పలేదు అనుకుంటది, అందుకే ఈ వారమంతా గిన్నె పట్టుకొని కాలిన కొట్టం చుట్టూ తిరుగుతున్నది, అది మాత్రం మనిషి అడుగు వినబడితే చాలు, దూలం ఎక్కి కూర్చుంటుంది, అన్నం పెట్టి మనిషి కనుమరుగయితేనే దిగుతుంది, కప్పు ఉన్న చోటికి రాదు, తల మీద నీడ పడితే బెదిరిపోతుంది, ఈత గంప ఎంత లోపలికి దిగిందో దానిలో.

ఇస్తార్లు పరిచేటప్పుడు రుక్కమ్మ ఒకటి ఎక్కువ పరిచింది, మామకు ఒకటి, మామ తల్లిదండ్రులకు, వీరయ్య అన్న ఒకడు చిన్న వయసులోనే, పెళ్ళయినాక పోయాడు, అతనికి, ఆ పక్కన ఇంకొకటి, జంగమ్మ చూసింది, ఇదెవరికే అంది, రుక్కమ్మ వంగి ఆ ఇస్తారి అంచు సరిచేసింది, అత్త గొంతు తగ్గించి, పెండ్లి కాని పిల్లకు పెద్దలల్ల పెట్టుడు ఉండదు బిడ్డా, అయ్యగారినడుగు నమ్మకపోతే, పిల్లలు పెద్దలల్ల కలవరు, అది మన తీరు కాదు అంది, కఠినంగా కాదు, పాపం ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి, తీరు అంటే తీరే, రుక్కమ్మ ఆ ఇస్తారి తీసేసింది, ఎదురు చెప్పే అలవాటు లేదు, దేవుని తీరు పెద్దలకు తెలుస్తుంది, పెద్దల తీరు తనకు తెలుస్తుంది, ఇన్నేళ్ళూ అట్లాగే నడిచింది, కాని స్వామీ, ఒక్కటడుగుత, కోపం చేయకు, పెద్దలకు ఇస్తారి ఉంది, దేవునికి నైవేద్యం ఉంది, కాకికి ముద్ద ఉంది, బాపనయ్యకు సైదం ఉంది, తొమ్మిదేళ్ళ పిల్ల ఆకలైతే ఎవరి ఇస్తారి దగ్గర కూర్చోవాలె, తాత పక్కన కూర్చుంటే తాత జరిగి కూర్చోమంటాడు, నాకు తెలుసు మా మామ, కాని తాత ఇస్తారి నిండా తాతకు ఇష్టమైనవే, మీగడ లేదు గదా అందులో, పిల్లి ముడితే పెద్దలు ముట్టరట, పిల్ల ముడితే ముడుతరా, ఇవి అడగరాని మాటలేమో, అడిగితే పాపమేమో, అయినా పొయ్యి దగ్గర గారెలు తీస్తుంటే, అత్తకు వినబడకుండా, నూనె చప్పుడులో కలిపి అడిగింది.

బాపనయ్య వచ్చి సైదం తీసుకొని వెళ్ళాడు, వీరయ్య గోడ మీద కాకికి ముద్ద పెట్టి చేతులు కడుక్కొని పక్కకు జరిగాడు, కాకి రావాలంటే దాని వైపు చూడకూడదు, అది అందరికీ తెలిసిందే, అందరూ ఇటు తిరిగి నిలబడ్డారు, రుక్కమ్మ మాత్రం తీసేసిన ఇస్తారిని మళ్ళీ తీసుకుంది, మోదుగాకు ఇస్తారి, దాంట్లో పాలన్నం, బెల్లం గడ్డ, విరిచిన గారె ఒకటి, సుక్కమ్మ ఇంట్లోంచి అడిగి తెచ్చిన మీగడ ఇంత, పిల్లికా అంది అత్త, అవు అత్తా, పిల్లికే, అంది, ఈసారి మాట తొణకలేదు, కొట్టం ముందర, దూలం నీడ పడని చోట, ఎండలో నేల మీద ఇస్తారి పెట్టింది, దూరం జరిగి కూర్చుంది, పక్కన గంప ఉంది, గడపలోంచి వీరయ్య చూస్తున్నాడు, దూలం మీద అది లేచి నిలబడింది, వాసన పట్టింది, ఒళ్ళు సాగదీసి ఒక కాలు గోడ మీద పెట్టి ఆగింది, రుక్కమ్మ చూపు దాని మీదే ఉంది, అది ఆగిపోయింది, అప్పుడామె మెల్లగా వీపు దాని వైపు తిప్పుకొని కూర్చుంది, ఎదురుగా ఖాళీ గోడ, ఊరి అవతల తంగేడు పూలకు పోయిన ఆడపిల్లల నవ్వులు గాలిలో వచ్చి పోతున్నాయి, సాయంత్రం బతుకమ్మ పేరుస్తారు, నవ్వులన్నీ ఒకేలా ఉంటాయెందుకో, వెనక మెత్తగా ఏదో దిగిన చప్పుడు, ఆగింది, మళ్ళీ అడుగు, ఆగింది, తర్వాత నాలుక చప్పుడు, మీగడ ముందు, అన్నం తర్వాత, అదే తీరు, నీల తీరు, రుక్కమ్మ ఊపిరి బిగబట్టి కొద్దిగా పక్కకు తిరిగింది, చెయ్యి చాచితే అందేంత దూరంలో ఉంది, ఒక చెవి చినిగిపోయి ఉంది, ఎముకలు లెక్కపెట్టేలాగ ఉన్నాయి, తెల్లకాలు మసిపట్టి తెల్లకాలులాగ లేదు, వీరయ్య గడపలోంచి చేత్తో సైగ చేస్తున్నాడు, ఎయ్, ఇప్పుడే, ఎయ్, చెయ్యి గంప మీదికి పోయింది, ఒక్క ఊపు చాలు, రేపు బండిలో మిర్యాలగూడెం, కొత్త ఇల్లు, నాలుగు రోజులు గంప కింద, తర్వాత అలవాటవుతది, ఎన్ని పిల్లులు అట్లా పోలేదు, నాతోనే ఉంటది, రోజూ కళ్ళ ముందర ఉంటది, నీల ముట్టిన పాణం ఒకటి నా ఇంట్లో తిరుగుతది, గంప ఎత్తింది, గంప నీడ నేల మీద ఇస్తారి అంచు దాకా సాగింది, పిల్లి నాకడం ఆపింది, పారిపోలేదు, పారిపోవడం కూడా మర్చిపోయి నేలకు అతుక్కుపోయింది, కళ్ళు మూసుకుంది, ఆ మూసుకున్న కళ్ళను చూసిన రుక్కమ్మ చేతిలో గంప ఒక్కసారిగా బరువెక్కింది, ఎంత మెల్లగా ఎత్తిందో అంతకంటే మెల్లగా వెనక్కి తీసుకొని, తన వెనక నేల మీద వెల్లకిలా, మూతి ఆకాశానికి పెట్టి ఉంచింది, తిను తల్లీ, తిను, అన్నది, సుట్టమా అనాలనుకొని తల్లీ అన్నది.

చాలాసేపటికి అది కళ్ళు తెరిచింది, మిగిలింది తిన్నది, మూతి నాక్కుంది, లేచి దూలం వైపు పోలేదు, ఇంటి వైపు నడిచింది, వీరయ్య పక్కకు జరిగాడు, గడప దగ్గర ఆగింది, నీల నీళ్ళు చల్లే చోట నేలను చాలాసేపు వాసన చూసింది, ఏడాది ఎండలు కాసినాయి, వానలు కడిగినాయి, ఇయ్యాల్టికి పేడ అలుకు మూడు పొరలైంది, ఏం వాసన ఉంటది అక్కడ, అయినా చూసింది, తల ఎత్తి పైన ద్వారబంధాన్ని చూసింది, కప్పును చూసింది, లోపలి చీకటిని చూసింది, ఒంట్లో వణుకు కనిపించింది, లోపలికి రాలేదు, గడప కొయ్యకు ఒకసారి, ఒక్కసారే, మెడ రాసుకొని, తిరిగి ఎండలోకి, అక్కడినుంచి గోడ మీదికి, గోడ మీదినుంచి సుక్కమ్మ వాకిట్లోకి దుమికి పోయింది, సుక్కమ్మ అవతలినుంచి అరిచింది, అగో అచ్చింది మహారాణి, నా ఇంకో చెంపకు రాశిపెట్టి ఉన్నట్టుందే, పో రుక్కమ్మా, నువ్వు నిమ్మలంగ పో, ఇంత గంజి దీనికి పొయ్యలేనా నేను అని, వీరయ్య వచ్చి ఖాళీ ఇస్తారిని చూసి నిలబడ్డాడు, గంపను తీసుకుపోయి అందులో చిన్న చిన్న గిన్నెలు సర్దసాగాడు, జంగమ్మ గోడకు చేరగిలబడి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, మీగడ ఇంకింత ఎయ్యకపోయినవా బిడ్డా, దానికి మస్తు ఇష్టం గదా అంది, పిల్లిని గురించి అన్న మాట కాదని ఇద్దరికీ తెలుసు, అవు అత్తా, ఇంకింత ఎయ్యాల్సింది, అంది రుక్కమ్మ.

రాలేదు, లోపటికి రాలేదు, ఇగ నా మాట నిజం కాదు, కాబోదు, బిడ్డా నీ అమ్మ అబద్ధమాడింది, గంప తీసింది సుక్కమ్మ, నేను కాదు, అనుకుంటూ రుక్కమ్మ ఇస్తారిని మడిచి చేతిలో పట్టుకుంది, అప్పుడు వచ్చింది ఆ మాట, ఏడాదినుంచి ఆ అబద్ధం దగ్గరికి వచ్చి ఆగిపోయే మనసు ఒక్కసారి దాన్ని దాటి అవతలికి పోయినట్టు, తీసిన బిడ్డా అని తను అన్న తర్వాత నీల ఊరుకోలేదు గదా, ఆ రాత్రి పాకలో, దీపం వెలుతురులో పెదవులు ఎండిపోయి ఉంటే, ఏమో అన్నది, జరంలో పలవరింత అనుకొని రుక్కమ్మ తడిగుడ్డ మార్చింది, ఏమన్నది, అవునమ్మా, నేను సూసిన, నువ్వు తీసినవ్, అది గోడ దుంకి పోయింది, నేను సూసిన అన్నది, హమ్మయ్య నమ్మింది అనుకొని తను ఎంత తేలికపడింది ఆ పూట, నమ్మింది, పలవరింతలో అదే చూసింది, మంచిదే అయింది అనుకొని నిద్ర కూడా పోయింది, ఎట్ల సూస్తది, గడ్డి కింద ఉన్న పిల్ల, తల ఎత్తకు బిడ్డా, ఎత్తకు అని తన ఈ చేతితోనే ఆ తలను వంచి పట్టుకొని ఊరు దాటేదాకా వదలని పిల్ల, ఇల్లే చూడనిది, గోడనెట్ల చూస్తది, పిల్లినెట్ల చూస్తది, పైగా ఆ చెయ్యి తన తల మీదే ఉన్నదని, గంప దగ్గరికి పోలేదని ఆ తలకంటే ఎక్కువ ఎవరికి తెలుసు, పలవరింత కాదది, ఆ మాట అన్నప్పుడు కళ్ళు తెరిచే ఉంది, తన కళ్ళలోకి చూసే అన్నది, రుక్కమ్మ ఇస్తారిని గుండెకు ఆనించుకొని వాకిట్లో అట్లాగే నిలబడిపోయింది, లోపల అత్త పిలుస్తున్నది, వినబడుతున్నది, బిడ్డకు తెలుసు, మొదటినుంచీ తెలుసు, తెలిసే అన్నది, జరంతో కాలిపోతూ, ఏడుస్తున్న తల్లి కోసం లేని గోడ ఒకటి నిలబెట్టి, దాని మీదినుంచి ఒక పిల్లిని దుమికించి పోయింది.